హైమప్ప వేయని పేరు

సాలూరులో ఏం జరిగినా ముందు లారీ స్టాండుకి తెలుస్తుంది, తరవాత పోలీసులకి తెలుస్తుంది, ఆ తరవాతే పేపరు హైమప్పకి తెలుస్తుంది. మూడో మనిషినైపోయానే అన్న చిన్నతనం ఆవిడకి ఏ కోశానా లేదు. ముందు తెలిసినవాడు ముందు అరుస్తాడు, అరవనీండి, మనం కనుక్కుని రాద్దాం అంటుంది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా హైమప్ప అనే పిలుస్తారంటే ఆ మర్యాద ఊరికే వచ్చింది కాదు. ఎలా వచ్చిందో చెబుతాను, వినండి.

హైమ పుట్టిల్లు బొబ్బిలి, కిరాణా వర్తకుల ఇల్లు. సాలూరు మెయిన్ రోడ్డులో పుస్తకాల కొట్టూ, దాంతోపాటు ఒక దినపత్రిక ఏజెన్సీ ఉన్న వెంకటేష్‌ని చేసుకుని ఇక్కడికొచ్చింది. అప్పట్లో ఆ పత్రికకి వార్తలు రాసే విలేకరి చెప్పాపెట్టకుండా మానేశాడు. కొత్తవాడు దొరికేదాకా నాలుగు ముక్కలు నువ్వే రాసి పంపవయ్యా అని విజయనగరం డెస్కువాళ్ళు వెంకటేష్‌ని అడిగారు. ఊళ్ళ నుంచి వచ్చిన వార్తలు దిద్ది పేజీలో పెట్టేది ఆ డెస్కే. జిల్లాలు విడగొట్టినా అది మాత్రం విజయనగరంలోనే ఉండిపోయింది. వెంకటేష్ చేతికి బిల్లు రాయడం తప్ప ఇంకో రాత రాదు. ఆ రోజు కొట్టు ముందు కాలవ పొంగి, బడిపిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నారు. హైమ చూసింది చూసినట్టు బిల్లు కాగితం వెనక పన్నెండు వాక్యాలు రాసిచ్చింది. రెండో రోజు అది అచ్చయింది. మూడో రోజు మునిసిపాలిటీవాళ్ళు పారలు పట్టుకుని దిగారు. కొత్తవాడు దొరికేదాకా అన్న మాటకి ఇప్పటికి ఇరవై రెండేళ్ళు నిండాయి.

ఇందులో మిగిలేదేమీ లేదు, వెంకటేష్ నెలకోసారి ఆ మాట గుర్తు చేస్తూనే ఉంటాడు. స్కూటీలో పోయించిన పెట్రోలుకి వచ్చింది సరిపోతే ఆ నెల పండగ. కానీ పొద్దున్నే టీ కొట్లో ఎవరో పేపరు విప్పి, హైమప్ప రాసింది సూడండి, ఇంకేటి తిరుగులేదు అన్నారని తెలిస్తే ఆవిడ నడకే వేరుగా ఉంటుంది. గర్వం తప్పంటారు గానీ, పని సరిగ్గా చేసినవాళ్ళకి ఆ మాత్రం ఉండాలి.

ఆ గర్వానికి ఒక్కసారి దెబ్బ తగిలింది. ఆరేళ్ళ కిందటి సంగతి. బ్యాంకు నుంచి అంటూ ఎవడో ఫోన్లు చేసి జనాన్ని ముంచుతున్నాడని తెలిసి హైమప్ప వార్త రాసింది. ఈ నంబరుని నమ్మకండి అని, ఆ దొంగ నంబరుని పెద్ద అక్షరాలతో, చుట్టూ గీత గీయించి మరీ వేయించింది. పేపరువాళ్ళం మనం చేసే తప్పు ఇదే. మనం రాసిందంతా జనం చదువుతారనుకుంటాం. జనానికి కళ్ళకి కనబడేది పెద్ద అక్షరాలే. మక్కువ దగ్గర పల్లెలో గంగరాజు అనే రైతు ఆ ముక్క కత్తిరించి చొక్కా జేబులో దాచుకున్నాడు. నెల తరవాత అతని బ్యాంకు కార్డు పనిచెయ్యలేదు. బ్యాంకు నంబరు పేపర్లో వచ్చింది కదా అని జేబులోంచి కాగితం తీశాడు, ఫోను చేశాడు. ధాన్యం అమ్మిన డబ్బంతా అరగంటలో ఊడ్చుకుపోయింది.

మర్నాడు అతను కొట్టుకి వచ్చాడు. తిట్టడానికి వచ్చాడేమో అనుకుంది హైమప్ప. తిట్టినా బాగుండేది. అతను నలిగిన కాగితం బల్ల మీద పరిచి చూపించాడు.

“నీ పేపర్లో నంబరే కదమ్మా. పెద్దచ్చరాల్తో ఏసినారు కదా అని సేసినాను.”

ఆవిడ తప్పయింది బాబూ అని రెండు చేతులూ జోడించింది. ఆ కాగితం తన దగ్గరే ఉంచేసుకుని, కొట్లో పుస్తకాల బీరువా తలుపుకి లోపలివైపు అంటించింది. తలుపు తీసిన ప్రతిసారీ అది కనబడుతుంది. అప్పటినుంచి దొంగ నంబరు గానీ, దొంగ ఫైలు పేరు గానీ, లింకు గానీ ఆవిడ వార్తలో ఒక్కటి కనబడితే ఒట్టు. మంచి నంబరైనా సరే, రక్తదాన శిబిరం వాళ్ళదైనా సరే, ముందు తను ఫోను చేసి, అవతల ఎవరు ఎత్తారో విని, అప్పుడు రాస్తుంది. డెస్కువాళ్ళు దీన్ని చాదస్తమన్నారు. అననీండి అంది.

ఇక అసలు కథకి వస్తాను. సాలూరంటే లారీలు. రాయపూర్ నుంచి విశాఖ దాకా మా ఊరి లారీ తిరగని రోడ్డు లేదు. లారీలున్నచోట చలానాలుంటాయి. కెమెరా పట్టిందనీ, లోడెక్కువైందనీ ఓనర్ల ఫోన్లకి రోజూ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. మా ఓనర్లకి ఒక అలవాటుంది. చలానా వస్తే విప్పి చూడరు. వచ్చింది వచ్చినట్టు లారీ ఓనర్ల సంఘం ఆఫీసులో పనిచేసే అనూరాధకి వాట్సాప్‌లో తోసేస్తారు. ఏ లారీదో, ఎక్కడ పడిందో ఆ పిల్లే చూడాలి, కట్టాల్సింది కట్టాలి, రసీదు తిరిగి పంపాలి. ఇరవై ఆరేళ్ళ పిల్ల, చురుకైంది, నాలుగేళ్ళలో ఒక్క రసీదు తప్పు పంపలేదు. సంఘంలో ఉన్న ప్రతి ఓనరు నంబరూ, ప్రతి డ్రైవరు నంబరూ ఆమె ఫోనులో ఉన్నాయి. అనూరాధ నుంచి మెసేజ్ వచ్చిందంటే ఘాట్ రోడ్డు మీద ఉన్న డ్రైవరు కూడా బండి పక్కకి ఆపి చూస్తాడు. అంత నమ్మకం.

ఒక మంగళవారం పొద్దున్న తొమ్మిదీ పన్నెండుకి ఆ నమ్మకానికే గండం వచ్చింది. అనూరాధ నంబరు నుంచి మూడొందల మందికి పైగా ఒకేసారి ఒక ఫైలు వెళ్ళింది. మీ లారీకి చలానా పడింది, తెరిచి చూడండి అని కింద రెండు ముక్కలు. ఆ ఫైలు పేరు ఇక్కడ నేను కూడా రాయను, హైమప్పకి తెలిస్తే ఊరుకోదు. ఆమె పంపింది కదా అని అందరూ నొక్కారు. నొక్కినవాళ్ళ ఫోన్లు వాళ్ళ మాట వినడం మానేశాయి. బ్యాంకు పంపే రహస్య సంఖ్యలు వీళ్ళకంటే ముందు ఎవడికో వెళ్ళిపోతున్నాయి. పదిన్నరకల్లా కొంతమంది ఖాతాల్లో డబ్బు కదిలిపోయింది. పదకొండుకల్లా సంఘం ఆఫీసు ముందు జనం.

ఆ జనం ముందు నిలబడి అందరికంటే గట్టిగా అరుస్తున్నవాడు సంఘం అధ్యక్షుడు ఎల్లాజీ. ఆరు లారీల ఆసామి, మనసు మంచిదే, గొంతే పెద్దది. ఆ పిల్ల ఫోను నుంచే వచ్చింది, ఆ పిల్లే చేసింది, చదువుకున్న పిల్లని నమ్మి తాళాలు చేతికిస్తే ఇంతే అని అరిచాడు. నిప్పు లేనిదే పొగ రాదని పక్కనున్నవాళ్ళు వంత పాడారు. అనూరాధ వెనక గుమ్మంలోంచి ఇంటికి పారిపోయింది. పారిపోవడమే ఆమె చేసిన తప్పని తేల్చేశారు.

అప్పుడే గోపి దిగాడు. గోపి అంటే యూట్యూబు ఛానెలు. ఒక మైకు, ఒక ఫోను, ఎక్కడలేని తొందర. ఎద్దు ఈనిందంటే దూడని కట్టేయమనే రకం. సంఘం వార్షికోత్సవంలో తీసిన గ్రూపు ఫొటోలోంచి అనూరాధ మొహం కత్తిరించి, చుట్టూ ఎర్ర గీత పెట్టి, సాలూరులో లేడీ హ్యాకర్ అని పన్నెండు గంటలకి వదిలాడు. ఒంటిగంటకల్లా ఆ వీడియో పార్వతీపురం దాటింది. వీళ్ళకి ఈ లేడీల పిచ్చి ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మగవాడు చేస్తే దొంగ, ఆడది చేస్తే కిలాడి లేడీ, మాయలేడి, పేర్లకి కరువే లేదు.

హైమప్ప అక్కడికి వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. డెస్కు ఇన్‌ఛార్జి నరసింగరావు అప్పటికే మూడుసార్లు ఫోను చేశాడు. పక్క పత్రికవాళ్ళు పేరూ ఫొటో పంపేశారట, అయిదు గంటలకల్లా మనకీ కావాలి అన్నాడు. చూసి పంపుతానంది ఆవిడ. ఆ చూసి అన్న మాట దగ్గరే అతనికి కంగారు మొదలైంది.

టీవీలో వచ్చింది సాయంత్రానికి మరిచిపోతారు. యూట్యూబులో వచ్చింది మర్నాటికి కిందికి జారిపోతుంది. అచ్చులో వచ్చింది అలా పోదని హైమప్పకి తెలుసు, బీరువా తలుపు మీద సాక్ష్యం ఉంది. రేపు ఆ పిల్ల ఇంకో చోటికి ఉద్యోగానికి వెళ్తే, ఈ ముక్క కత్తిరించి దాచినవాడు ఎవడో ఒకడు తీసి చూపిస్తాడు. అనూరాధ పేరు రేపు పొద్దున్న పత్రికలో పడుతుందా లేదా అన్నది ఆ మధ్యాహ్నం ఆవిడ చేతిలో ఉంది. ఉన్నది నాలుగు గంటల టైము.

ముందు జిల్లా పోలీసుల సైబరు విభాగానికి ఫోను చేసింది. ఇలాంటి ఫైలు ఒకసారి ఫోనులోకి దూరితే మనిషితో పని లేకుండా తనంతట తానే ఆ ఫోనులో ఉన్నవాళ్ళందరికీ వెళ్ళిపోతుందని అక్కడి ఉద్యోగి చెప్పాడు. ఆ పిల్ల మీద కేసేమైనా పెట్టారా అంటే, కేసు మోసగాళ్ళ మీద పెట్టాం, ఆమె కూడా మోసపోయిన మనిషిలాగే కనిపిస్తోంది, ఫోను చూడాలి అన్నాడు. ఆ మాట, ఆ మనిషి హోదా, ఫోను చేసిన టైము పుస్తకంలో రాసుకుంది. తరవాత స్కూటీ తీసి అనూరాధ ఇంటికి వెళ్ళింది.

తలుపు వేసి ఉంది. హైమప్పనమ్మా, పెన్నూ పుస్తకం స్కూటీలోనే వదిలేసి వచ్చాను అని బయటినుంచే చెప్పింది. అప్పుడు తలుపు తెరుచుకుంది. పిల్ల కళ్ళు వాచిపోయి ఉన్నాయి. హైమప్ప ఓదార్చలేదు, పక్కన కూర్చుని నిన్నటి నుంచీ ఏం చేశావో వరసగా చెప్పమంది. అనూరాధ చెప్పింది. నిన్న సాయంత్రం ఒక ఓనరు నుంచి చలానా వచ్చింది. అప్పటికి ఆఫీసు కట్టేసింది. ఈ రోజు తొమ్మిదికి కుర్చీలో కూర్చోగానే, ఏ లారీదో చూద్దామని అన్నిటికంటే ముందు అదే తెరిచింది. ఏదేదో అనుమతి అడిగితే ఇచ్చింది. అంతే, ఫోను చేతిలో ఉండగానే దాని పని అది చేసుకుపోయింది.

పంపిన ఓనరు ఎవరని హైమప్ప అడిగింది. పిల్ల తల దించుకుంది.

“అది మట్టుకు అడగొద్దప్పా. నాకు ఉద్యోగమిచ్చిన మనిషి. ఆయన పేరు నా నోట రాదు.”

ఊరంతా తన పేరు వీధిలో ఈడుస్తుంటే, ఈ పిల్ల ఇంకొకరి పేరు కడుపులో దాచుకుంది. హైమప్పకి కళ్ళు చెమర్చాయి, కోపం కూడా వచ్చింది. సరే, నువ్వు చెప్పకు, నేనే కనుక్కుంటాను అని లేచింది.

రెండున్నరకి మళ్ళీ సంఘం ఆఫీసు. హైమప్ప బల్ల మీద పుస్తకం పెట్టి, ఉన్న ఓనర్లందరినీ కూర్చోమంది. ఒక్కొక్కరూ ఫోను తీసి, ఆ ఫైలు తమకి ఎన్ని గంటలకి వచ్చిందో చెప్పమంది. తొమ్మిదీ పన్నెండు, తొమ్మిదీ పన్నెండు, తొమ్మిదీ పదమూడు. పద్నాలుగు మందీ అదే మాట. హైమప్ప రాసుకుంది. తరవాత ఇంకో మాట అడిగింది. నిన్న సోమవారం మీరు అనూరాధకి తోసిన చలానాలు ఏమున్నాయో చూడండి, చూసి నాకు కూడా చూపించండి అంది.

దానికేటి అని ఎల్లాజీయే అందరికంటే ముందు ఫోను తీశాడు. పెద్దమనిషి కదా, దారి చూపించాలని. వేలితో పైకి తోసుకుంటూ పోయాడు. శుభోదయాలు, దేవుడి బొమ్మలు, మనవడి వీడియోలు. ఒకచోట వేలు ఆగిపోయింది. సోమవారం సాయంత్రం ఆరూ నలభైకి, అదే ఫైలు, తన చేత్తో తోసింది. కింద తను పెట్టిన మాట కూడా ఉంది: ఇది తెరుచుకోట్లేదు, సూడమ్మా. ఆ శుభోదయం బొమ్మలతో అతని ఫోను ఎంత నిండిపోయిందంటే, ఆ దొంగ ఫైలుకి లోపల చోటు దొరకలేదు. చోటు దొరక్క బతికిపోయాడు. తెరుచుకోని చలానాని అలవాటు ప్రకారం ఆ పిల్ల నెత్తిన పడేశాడు, రోజుకి పాతిక తోసే మనిషికి అది గుర్తు కూడా లేదు.

ఎల్లాజీ ఫోను జేబులో పెట్టేసుకుని, హైమప్పని పక్క గదిలోకి పిలిచాడు. అంత గొంతూ ఏమైపోయిందో, మాట గుసగుసలా వచ్చింది.

“అమ్మా, నా పేరు ఏస్తావేటి?”

ఆవిడకి వేయాలని ఉంది, నిజం చెప్పాలంటే గట్టిగానే ఉంది. పొద్దున్నుంచీ ఆ పిల్లని అన్న మాటలన్నీ ఇతని పేరు మీద అచ్చువేసి చూపిస్తే కళ్ళు చల్లబడేవి. సంఘం అధ్యక్షుడే పంపాడు అని హెడ్డింగు పెడితే రేపు సాలూరులో పత్రికలు చాలవు. కానీ ఇతన్ని మాత్రం ఎవడు ముంచాడు? ఊరూ పేరూ తెలియనివాడు. దొంగ దొరక్క, దెబ్బ తిన్నవాళ్ళలో ఒకణ్ణి వెతికి పట్టుకోవడమే కదా గోపి చేసింది?

“మోసపోయినోళ్ళ పేరు నేను రాయనన్నా. అనూరాధదీ రాయను, మీదీ రాయను. కానీ ఆ పిల్ల పేరు పొద్దున్న మీరు నోటితో పాడుచేశారు. అది మళ్ళీ నోటితోనే బాగుచెయ్యాలి. ఆ పని నా పేపరుది కాదు.”

అతను తల ఊపాడో లేదో కూడా తెలియలేదు. బయటికి వచ్చి ఏమీ చెప్పకుండా కారెక్కి వెళ్ళిపోయాడు.

నాలుగు గంటలకి కొట్లో కూర్చుని వార్త రాసింది. చలానా పేరుతో మోసపు ఫైలు ఎలా పాకిందో, పంపినట్టు కనబడే నంబరువాళ్ళు కూడా దాని బారిన పడ్డవాళ్ళేనని పోలీసులు ఎందుకంటున్నారో రాసింది. సంఘంలో ఒకరు తెరుచుకోని ఫైలుని తోస్తే, ఇంకొకరు ఉద్యోగ ధర్మంగా తెరిచారనీ, ఇద్దరిలో ఎవరిదీ దొంగతనం కాదనీ రాసింది. కింద పెట్టెలో, నొక్కినవాళ్ళు ముందు ఇంటర్నెట్టు ఆపేయాలి, వేరే ఫోను నుంచి 1930కి చెప్పాలి, బ్యాంకుకి చెప్పాలి అని పెట్టింది. పెట్టేముందు ఎప్పట్లాగే 1930కి తనే చేసింది. అవతల నిజంగా సైబరు నేరాల సహాయ కేంద్రమేనని విని, సాలూరు నుంచి రేపు పొద్దున్న చాలా ఫోన్లు రావచ్చు అని చెప్పి మరీ పెట్టేసింది. వార్త విజయనగరం వెళ్ళింది. అయిదు నిమిషాల్లో నరసింగరావు ఫోను.

హెడ్డింగు చూశాడట. చలానా పేరుతో వచ్చే ఫైలు నొక్కకండి. ఇదేం హెడ్డింగమ్మా, పంచాయతీ నోటీసులా ఉంది అన్నాడు. పేరు లేదు, ఫొటో లేదు, ఊళ్ళో అందరికీ తెలిసిన పేరు మనమొక్కళ్ళం దాస్తే ఏటి లాభం అన్నాడు. అందరికీ తెలిసింది తప్పు కదా సార్ అంది ఆవిడ. అతను మెత్తబడలేదు. పక్కవాళ్ళందరూ ఏసి మనకి మిస్సయిందంటే రేపు పైవాళ్ళకి సమాధానం చెప్పాల్సింది నేను అన్నాడు. అప్పుడు హైమప్ప లేచి నిలబడింది. ఫోనులోనే, కొట్లో నోటుపుస్తకాలు కొనడానికొచ్చిన జనం చూస్తుండగా.

“మిస్సయిందని మీరు చెప్పండి సార్. తప్పయిందని నేను చెప్పలేను. ఒకసారి చెప్పాను, ఆ ఒక్కసారే చాలు. పేరు పెడితే మాత్రం రేపు బస్సులో నా విలేకరి కార్డు మీకు తిరిగొచ్చేస్తాది.”

నరసింగరావు ఫోన్ల టైములు రాసుకున్న పేజీ ఫొటో తీసి పంపమన్నాడు. పంపింది. మళ్ళీ ఫోను రాలేదు. పేరు పెట్టాడో లేదో అతను చెప్పలేదు, ఆవిడ అడగలేదు. బతిమాలడం ఆవిడకి చేతకాదు. వెంకటేష్ మాత్రం, ఇరవై రెండేళ్ళూ ఒక ఫోనుతో పోయేలా ఉందే అన్నాడు. పోతే పోయిందండీ అంది, కానీ ఆ పూట అన్నం సరిగ్గా సహించలేదు.

తెల్లారుతుండగా పేపరు కట్టలు వచ్చాయి. ఎప్పుడూ కట్ట విప్పేది వెంకటేష్. ఆ రోజు తాడు ఆవిడే కోసింది. లోపలి పేజీ తీసి కింది నుంచి పైకి చదివింది. పేరు లేదు. ఫొటో లేదు. 1930 పెట్టె ఉన్నది ఉన్నట్టు ఉంది. హెడ్డింగులో మాత్రం నరసింగరావు చెయ్యి ఊరుకోలేదు, చివర కలకలం అని ఒక మాట తగిలించాడు. ఈయనకి కలకలం లేందే కాఫీ దిగదు అని విసుక్కుంది గానీ, ఆ విసుగులో ఎంత సంతోషముందో వెంకటేష్‌కి కనబడుతూనే ఉంది. పక్క పత్రికలో అనూరాధ ఫొటో ఉంది, లేడీ హ్యాకర్ అని రాసి చివర ప్రశ్నార్థకం పెట్టారు. ప్రశ్నార్థకం ఒకటి తగిలిస్తే ఎవరి పరువైనా తీసేయొచ్చని మా వాళ్ళకి ఎవరు నేర్పారో, ఆ పుణ్యాత్ముడు ఎక్కడున్నాడో.

ఏడు గంటలకి లారీ స్టాండు టీ కొట్లో రెండు పత్రికలూ బల్లమీద పడ్డాయి. మా ఊళ్ళో పేపరు ఒకడు పైకి చదివితే మిగతావాళ్ళు టీ తాగుతూ వింటారు. ఆ పని ఎప్పుడూ ఎల్లాజీదే, గొంతు పెద్దది కదా. ఆ రోజు అతను రాడనుకున్నారు. వచ్చాడు. హైమప్ప రాసిన వార్త మొదటినుంచీ చివరిదాకా చదివాడు. సంఘంలో ఒకరు తెరుచుకోని ఫైలుని తోస్తే అన్నచోట గొంతు ఆగింది. ఎవరా ఒకరు అని ఎవరో అడిగారు. పేపర్లో పేరు లేదు కదా, ఎల్లాజీ కావాలంటే అక్కడే మడత పెట్టేయొచ్చు.

“నానే. నాను తోసిందే ఆ పిల్ల తెరిసినాది. నిన్న దాన్ని దొంగన్నాను సూడు, ఆ మాట నాదే తప్పు.”

చెప్పేశాక, పక్క పత్రిక తీసి నాలుగు మడతలు పెట్టి, వేడి టీ గ్లాసు కింద వేశాడు. అక్కడినుంచి నేరుగా అనూరాధ ఇంటికి వెళ్ళాడు. అక్కడేం మాట్లాడుకున్నారో హైమప్ప అడగలేదు, నాకూ తెలియదు. పదిగంటలకి మాత్రం ఆ పిల్ల తన కుర్చీలో కూర్చుంది. గోడకి ఒక కాగితం కూడా అంటించింది: చలానా ఫైలు నొక్కొద్దు, నాకు తోయొద్దు; లారీ నంబరు పంపితే చాలు, సర్కారు సైటులో నేనే చూస్తాను. గోపి ఆ వీడియో చప్పుడు లేకుండా తీసేశాడు. తప్పయిందన్న మాట ఈ రోజుకీ అతని నోట రాలేదు. వాడికి కూడా ఒక బీరువా, దానికో తలుపు ఎప్పటికైనా దొరుకుతుందేమో చూడాలి.

పదకొండు దాటాక కొట్లో హైమప్ప ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తింది.

“అమ్మా, గంగరాజుని, మక్కువ కాడ. మా ఓడు లారీ మీద రాయపూర్‌లో ఉన్నాడు, నిన్న ఆ ఫైలు నొక్కీసినాడంట. పొద్దున్న నీ పేపర్లో నంబరుకి సేసినాను.”

ఆవిడ చెయ్యి బీరువా తలుపు మీద పడింది. నలిగిన కాగితం ఆరేళ్ళుగా ఉన్నచోటే ఉంది. అవతల గంగరాజు ఇంకా చెబుతున్నాడు.

“ఈపాలి అసలోల్లే ఎత్తినారమ్మా. మా ఓడి కాతా ఆపీసినారు, రూపాయి పోలేదు.”

మంచిది బాబూ అంది ఆవిడ. ఫోను పెట్టేసి, కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఎవరే ఫోనులో అని వెంకటేష్ లోపలినుంచి అడిగాడు.

“నా పాఠకుడండీ” అంది హైమప్ప.